తిరుగుదారి మీదే దీపం: క్యాంపర్ ట్రైలర్‌లో 12 వోల్టుల విద్యుత్తు

కారు వెనుక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇంటిని అమెరికాలో క్యాంపర్ ట్రైలర్ అంటారు. అందులో సాధారణంగా రెండు విద్యుత్ వ్యవస్థలు పక్కపక్కనే ఉంటాయి: విడిది స్థలంలోని ప్లగ్గు నుంచి వచ్చే 120 వోల్టుల ఏసీ ఒకటి, బ్యాటరీ మీద నడిచే 12 వోల్టుల డీసీ మరొకటి. దీపాలు, నీటి పంపు, హీటరు ఫ్యాను రెండోదాని మీదే ఆధారపడతాయి. పొడి చేతితో తాకితే 12 వోల్టులు షాకు కొట్టవు కనుక ఈ వ్యవస్థను చులకనగా చూడడం పరిపాటి అయింది. కానీ ఇక్కడి ప్రమాదం షాకు కాదు, వేడి.

120 వాట్ల పరికరానికి 120 వోల్టుల వద్ద ఒక ఆంపియర్ ప్రవాహం చాలు, 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు కావాలి. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే తీగలో నష్టం నూరు రెట్లవుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం, అంటే ప్రవాహానికి అది కలిగించే అడ్డు, మీటరుకు సుమారు 7 మిల్లీఓములు. బ్యాటరీకి 6 మీటర్ల దూరంలోని పరికరానికి ఆ తీగతో 10 ఆంపియర్లు పంపితే, రానూపోనూ 12 మీటర్లలో దాదాపు 0.84 వోల్టు దారిలోనే హరించుకుపోతుంది. నిండుగా చార్జయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 12.7 వోల్టులు, సగం ఖాళీ అయినది సుమారు 12.1 వోల్టులు చూపుతుందని గుర్తుంచుకుంటే ఈ నష్టం ఎంత పెద్దదో తెలుస్తుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే అది దాదాపు 0.35 వోల్టుకు తగ్గుతుంది.

ఈ లెక్కలో ‘రాను’ అన్న సగాన్ని చాలామంది మరచిపోతారు. బ్యాటరీ ధన ధ్రువం నుంచి బయలుదేరిన ప్రవాహం ఋణ ధ్రువానికి తిరిగి చేరితేనే దీపం వెలుగుతుంది. ఆ తిరుగుదారిగా తరచు ట్రైలర్ ఉక్కు చట్రాన్నే వాడుకుంటారు. మోటారు వాహనాలలోనూ ఇదే పద్ధతి. దీన్నే గ్రౌండ్ అంటారు గాని, మన ఇళ్లలో గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసే ఎర్తింగుతో దీనికి పోలిక లేదు. రబ్బరు టైర్ల మీద నిలిచిన బండికి నేలతో సంబంధమే ఉండదు. ఏసీ వైపు పద్ధతి వేరు: ప్లగ్గు వెంట వచ్చే ఎర్త్ తీగను చట్రానికి తప్పక బిగించాలి, న్యూట్రల్‌ను మాత్రం ట్రైలర్ లోపల చట్రానికి కలపకూడదు. కలిపితే న్యూట్రల్‌లో లోపం వచ్చిన రోజున బండి ఒళ్లంతా షాకు కొట్టవచ్చు.

చట్రం లావైనదే, అందులో నిరోధం స్వల్పమే. బలహీనత అంతా తీగ దానికి అతుక్కునే చోట ఉంది. రంగు మీద బిగించిన బోల్టు, తుప్పు పట్టిన వాషరు ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. కారుకూ ట్రైలర్‌కూ మధ్య కొక్కెం గుండును తిరుగుదారిగా నమ్ముకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే అక్కడ గ్రీజు, దుమ్ము, కదలిక మూడూ ఉంటాయి. అందుకే అమెరికా కనెక్టర్లలో తిరుగుదారికి తెల్ల తీగ విడిగా ఉంటుంది. ఆ తీగ సరిగా అంటుకోకపోతే ప్రవాహం మరో బల్బు గుండా దొంగదారి వెతుక్కుంటుంది, దాంతో ఎడమ ఇండికేటరు వేస్తే మిగతా దీపాలన్నీ మినుకుమంటాయి. ట్రైలర్‌కు విద్యుత్ బ్రేకులుంటే వాటికీ ఇదే తిరుగుదారి కనుక దీపాల వింత చూసి నవ్వుకుని ఊరుకోవడం తగదు.

రంగులనూ గుడ్డిగా నమ్మరాదు. వాహనాలలో నలుపు సాధారణంగా ఋణ తీగ. అమెరికా ఇళ్లలో అదే నలుపు ఫేజు. ఏడు పిన్నుల ట్రైలర్ కనెక్టరులో సాధారణంగా ఆ నలుపే బ్యాటరీ చార్జింగుకు ధన తీగ. ఇక ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, తీగను. కనుక దాన్ని బ్యాటరీకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఫ్యూజుకు ముందున్న తీగ ఎక్కడైనా ఒరుసుకుని చట్రానికి తగిలితే, బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరించి తీగను ఎర్రగా కాల్చగలదు.

తిరుగుదారి పరీక్ష సులువు. దీపం వెలుగుతుండగా మల్టీమీటరు ఒక కొసను బ్యాటరీ ఋణ ధ్రువానికి, రెండో కొసను దీపం ఋణ తీగకు ఆనిస్తే సున్నాకు దగ్గరగా చూపాలి. అర వోల్టు చూపితే సాధారణంగా అతుకు చెడిందని అర్థం. అప్పుడు కొత్త బల్బో కొత్త బ్యాటరీయో కొనేముందు ఆ బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు వేసి మళ్లీ బిగించి చూడండి.