నమ్మదగిన థెరపిస్టు, మోయగలిగిన ఫీజు

మన పత్రిక ఆరోగ్యం పేజీలో షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పుల గురించి చదువుతూనే ఉంటాం. ఈసారి మన ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం ఒకటి రాస్తున్నాను. ఇంట్లో ఒక బిడ్డ తాను ట్రాన్స్‌జెండర్‌నని చెప్పినప్పుడు, ఆ బిడ్డకు తోడుగా నిలిచే మంచి థెరపిస్టును, అదీ మన జీతాలకు అందే ఫీజులో, ఎలా వెతకాలి?

ఈ వెతుకులాట మా ఇంట్లోనే జరిగింది. యానాంలో ఉండే మా అక్క బిడ్డ పుదుచ్చేరి కదిర్కామంలో మా దగ్గర ఉండి డిగ్రీ చదువుతోంది. పుట్టినప్పుడు అందరూ మగబిడ్డ అన్నారు. ఊహ తెలిసినప్పటి నుంచీ తాను అమ్మాయినేనని తనకు తెలుసు. ఇప్పుడు తను మా మేనకోడలు. తన అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు, కాలేజీ మాత్రం రాయడం లేదు. నిరుడు కొన్ని నెలలు తనకు నిద్ర లేదు, తిండి సయించలేదు, రెండు పరీక్షలకు వెళ్లలేదు. ఒక రాత్రి "నేను ఉండి ఎవరికి ఏం లాభం మావయ్యా?" అంది. ఇక ఆలస్యం చేయకూడదని మాకు అర్థమైంది.

జబ్బు కానప్పుడు థెరపిస్టు ఎందుకు?

ఫోన్‌లో మా అక్క అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "జబ్బు కాదంటావు, మళ్లీ డాక్టరు అంటావేమిటి తమ్ముడూ?"

ట్రాన్స్‌జెండర్‌గా ఉండటం మానసిక రోగం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పు 2019లో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఈ విషయాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చారు. మన దేశంలో సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో జెండర్‌గా గుర్తించింది. ఆ మరుసటి ఏడాదే రిజర్వు బ్యాంకు చెప్పినట్టు మన ఖాతా ఫారాల్లో ఆ గడి వచ్చింది. కౌంటర్లో కూర్చున్న వాళ్లందరికీ ఆ గడి గుర్తుండే ఉంటుంది.

మరి థెరపిస్టు ఎందుకంటే, ఏళ్ల తరబడి దాచుకోవడం, క్లాసులో ఎగతాళి, ఇంట్లో భయం, అద్దంలో చూసుకుంటే కలిగే బాధ మనిషిని కుంగదీస్తాయి. దిగులు, ఆందోళన, నిద్రలేమి వైద్యం ఉన్న ఇబ్బందులే. ఎవరికి ఎప్పుడు చెప్పాలి, చదువు ఎలా సాగించాలి, శరీరంలో మార్పుల కోసం వైద్యం తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయాల్లో కూడా తోడు కావాలి. బిడ్డను మార్చడం థెరపిస్టు పని కాదు. బిడ్డ మోస్తున్న బరువును తగ్గించడం వారి పని. ఈ తేడా ఇంటిల్లిపాదికీ తెలిస్తే సగం వెతుకులాట తేలికవుతుంది.

ఎవరు ఏ పని చేస్తారు?

సైకియాట్రిస్టు అంటే వైద్యవిద్య చదివి, మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మాటల ద్వారా చికిత్స చేస్తారు. వీరికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగితే తప్పేమీ కాదు. కౌన్సెలర్లలో చాలా మంచివారు ఉన్నారు, కానీ ఆ మాట బోర్డు మీద ఎవరైనా రాసుకోగలరు. అందుకే ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు అని అడగాలి.

నిద్ర, తిండి పాడై, చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి. ఆ స్థితిలో "అనుభవం ఉన్నవారు దొరికాక చూద్దాం" అని ఆగకూడదు. టెలీ మానస్ అనే కేంద్ర ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడతారు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. బజారులో తమిళం ఎంత బాగా మాట్లాడినా, మనసులో మాట చెప్పుకోవడానికి మాతృభాషే కావాలి. ఇంటికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యానాం పిల్లకు ఆ రాత్రి మొదట పనికొచ్చింది ఆ నంబరే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

చాలామంది నేరుగా పెద్ద నగరంలో పెద్ద పేరున్నవారి కోసం చూస్తారు. నా సలహా దగ్గరలోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రితో మొదలుపెట్టమని. మాకు కదిర్కామంలోనే ఇందిరాగాంధీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కాస్త దూరంలో గోరిమేడులో జిప్మర్ ఉంది. రెండింటిలోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వం నడిపే చోట మానసిక వైద్యం పొందే హక్కు అందరికీ ఉంది. జెండర్ కారణంగా వివక్ష చూపకూడదని ఆ చట్టంలోనే రాసి ఉంది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, 15వ సెక్షన్, వైద్య సేవలతో పాటు కౌన్సెలింగ్ ఏర్పాటు కూడా ప్రభుత్వాల బాధ్యతల్లో చేర్చింది.

ప్రభుత్వ ఓపీలో రద్దీ ఉంటుంది, ఒక్కొక్కరికి దొరికే సమయం తక్కువ. కాబట్టి అక్కడ మందులు, పర్యవేక్షణ తీసుకుంటూ, నిదానంగా కూర్చుని మాట్లాడే థెరపిస్టును విడిగా వెతుక్కోవచ్చు. మేమూ అదే చేశాం. దిగులుకు వైద్యం ఇక్కడ నడుస్తుండగా, తెలుగు వచ్చిన థెరపిస్టు కోసం మూడు వారాలు వెతికాం.

ఆ వెతుకులాటలో మంచి దారి చూపేది ట్రాన్స్‌జెండర్ సమాజం కోసం పనిచేసే సంస్థలే. ఏ డాక్టరు మర్యాదగా చూస్తారో, ఎవరు విసుక్కుంటారో వారికి అనుభవం మీద తెలుసు. పుదుచ్చేరిలో సహోదరన్ సంస్థ, చెన్నైలో ఓరినమ్ బృందం అలాంటివి. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ నడిపే ఐకాల్ ఫోన్‌లో ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తుంది. మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ సంస్థ ఇలాంటి క్లయింట్లతో ఎలా పనిచేయాలో థెరపిస్టులకు ప్రత్యేక కోర్సు నడుపుతోంది. ఆ కోర్సు చేశారా అని అడగడం కూడా ఒక మంచి పరీక్షే.

హైదరాబాద్ అనుభవం మనకు మరో సంగతి చెబుతుంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం అక్కడ 2021లో మిత్ర్ క్లినిక్ మొదలైంది. నడిపినవారిలోనూ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే ఉన్నారు. సాధారణ వైద్యంతో పాటు మానసిక ఆరోగ్య సేవలూ అక్కడ అందాయి. అమెరికా ప్రభుత్వ నిధులు ఆగిపోవడంతో 2025 మొదట్లో అది మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. విరాళాలతో నడిచే సేవ మంచిదే అయినా నడుమ ఆగిపోవచ్చు. అందుకే ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీని మాత్రం వదులుకోవద్దు.

ఫోన్‌లోనే అడగాల్సినవి

ఫీజు కట్టక ముందే, పది నిమిషాల ఫోన్ సంభాషణలో చాలా తెలిసిపోతుంది. మేం అడిగిన ప్రశ్నలు ఇవి.

1. ట్రాన్స్‌జెండర్ క్లయింట్లతో ఇంతకుముందు పనిచేశారా? ఎలాంటి విషయాల్లో?

2. ఇలా ఉండటాన్ని మీరు సమస్యగా చూస్తారా? మార్చవచ్చు అంటారా?

3. మా బిడ్డ కోరిన పేరుతోనే పిలుస్తారా?

4. తను చెప్పినవి మాకు చెబుతారా? ఎప్పుడు చెప్పాల్సి వస్తుంది?

5. హార్మోన్ల గురించి అడిగితే ఏ డాక్టరు దగ్గరికి పంపిస్తారు?

6. వీడియోలో మాట్లాడతారా? స్తోమతను బట్టి ఫీజు తగ్గిస్తారా?

మొదటి ప్రశ్నకు "లేదండీ, కానీ తెలిసినవారిని అడిగి నేర్చుకుంటాను" అన్న జవాబు వస్తే వెంటనే కాదనక్కర్లేదు. రెండో ప్రశ్నకు "మార్చేస్తాం" అంటే మాత్రం మరో మాట లేకుండా ఫోన్ పెట్టేయాలి. మాకు ఒక క్లినిక్‌లో పది సిటింగుల ప్యాకేజీతో "మామూలు చేసి పంపిస్తాం" అన్నారు. అది వైద్యం కాదు. మద్రాసు హైకోర్టు 2021 జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులో ఇలా మార్చే ప్రయత్నాలను నిషేధించింది. పుదుచ్చేరి కూడా ఆ కోర్టు పరిధిలోనిదే. 2022లో జాతీయ వైద్య కమిషన్ ఇలాంటి చికిత్సను డాక్టర్ల వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్న సలహాకూ ఇదే జవాబు. ఆ సలహా రెండు జీవితాలను పాడుచేస్తుంది.

నాలుగో ప్రశ్నకు సరైన జవాబు "ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే తప్ప చెప్పను" అన్నది. వినడానికి మనకు కాస్త కష్టంగా ఉంటుంది. కానీ ప్రతి మాటా ఇంటికి చేరుతుందనుకుంటే బిడ్డ అక్కడ కూడా నోరు విప్పదు.

డబ్బు లెక్క

లెక్కలు మన వృత్తి కాబట్టి ఈ లెక్క కూడా కాగితం మీద వేద్దాం. మేం ఫోన్ చేసిన ప్రైవేటు చోట్ల ఒక్కో సిటింగుకు రూ. 800 నుంచి రూ. 2,500 వరకు చెప్పారు. వారానికి ఒకసారి, రూ. 1,500 చొప్పున ఆరు నెలలు వెళితే 26 సిటింగులు, రూ. 39,000. దీని కోసం చెన్నై వెళ్లి రావాలంటే బస్సు ఖర్చు, ఒక రోజు సెలవు అదనం. వీడియోలో అయితే ఆ రెండూ మిగులుతాయి. మొదటి రెండు నెలలు వారానికోసారి, కుదుటపడ్డాక పదిహేను రోజులకోసారి అనుకుంటే అదే ఫీజుతో సుమారు 17 సిటింగులు, రూ. 25,500. థెరపిస్టు స్తోమతను బట్టి రూ. 800కు ఒప్పుకుంటే రూ. 13,600. ఫీజు తగ్గించమని అడగడానికి మొహమాటపడకండి. ఇలాంటి క్లయింట్ల కోసం కొన్ని సమయాలు తక్కువ ఫీజుకు కేటాయించే థెరపిస్టులు ఉన్నారు.

ఇన్సూరెన్స్ సంగతి. మానసిక వ్యాధులకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. బ్యాంకు ఉద్యోగుల గ్రూపు వైద్య బీమాలో, ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే డొమిసిలియరీ చికిత్సల జాబితాలో, మానసిక రుగ్మతలతో పాటు సైకోథెరపీ పేరు కూడా ఉంది. చాలామంది ఆ లైను దాకా చదవరు. డాక్టరు ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి. అందులో ఎంతకాలమో రాయకపోతే 90 రోజుల వరకే చెల్లుతుంది. కాబట్టి సైకియాట్రిస్టు చేత "వారానికి ఒక సైకోథెరపీ సిటింగు, ఆరు నెలలు" అని స్పష్టంగా రాయించుకోండి. ప్రతి సిటింగుకూ రిజిస్ట్రేషన్ నంబరుతో రశీదు తీసుకోండి. విశ్రాంత ఉద్యోగుల పాలసీ వేరు, ఈ ఏడాది షరతులు చూసుకోవాలి. మేనకోడలు నా పాలసీలో లేదు కనుక మాకు ఇది వర్తించలేదు. మీ సొంత బిడ్డ అయితే తప్పక వర్తింపజేసుకోండి.

బ్రాంచిలో తెలిసిపోతుందేమో

నాతో పనిచేసే ఒకరు ఈ భయంతోనే క్లెయిమ్ పెట్టకుండా సొంత డబ్బు ఖర్చు చేసుకుంటున్నారు. ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. బిల్లు మీద ఉండేది దిగులు, ఆందోళన, నిద్రలేమి వంటి జబ్బు పేరే తప్ప బిడ్డ జెండర్ కాదు. కాగితాలు నేరుగా టీపీఏకు పంపే వీలుంటే అలాగే పంపండి. వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలన్నది చట్టంలోనే ఉంది.

ఈ మాట క్లెయిమ్ పెట్టేవారికన్నా ఆ కాగితం చూసే మనకు ఎక్కువ వర్తిస్తుంది. ఖాతాదారుడి బ్యాలెన్సు గురించి టీ కొట్టు దగ్గర మాట్లాడం కదా. సహోద్యోగి బిడ్డ ప్రిస్క్రిప్షన్ గురించీ అంతే.

మా మేనకోడలు ఇప్పుడు పదిహేను రోజులకు ఒకసారి తలుపు వేసుకుని ముప్పావుగంట వీడియోలో తెలుగులో మాట్లాడుతుంది. ఏం మాట్లాడిందో మేం అడగం. వదిలేసిన రెండు పరీక్షలకూ ఫీజు కట్టింది. అక్క ఫోన్ చేసినప్పుడు కొత్త పేరుతో పిలవడానికి ఇంకా తడబడుతుంది, అయినా పిలుస్తుంది. ఈ సమస్య మీ ఇంట్లోనూ ఉంటే ఈ వారంలో చేయాల్సినవి మూడే. ఓపీ చీటీ రాయించుకోవడం, పైన రాసిన ప్రశ్నలతో ముగ్గురికి ఫోన్ చేయడం, పాలసీ కాగితంలో డొమిసిలియరీ జాబితా చదవడం. ఆ ముగ్గురిలో ఎవరైతే బాగుంటుందో మాత్రం మీ బిడ్డనే ఎంచుకోనివ్వండి.