బర్తరఫు – నాడు, నేడు

ఉద్యోగమునుండి తొలగించుటకు తెలుగువారు వాడే రెండు మాటలు గమనింపదగినవి. పూజానంతరం దేవతను సాగనంపుట ‘ఉద్వాసన’. ఉర్దూనుండి మనకు సంక్రమించిన ‘బర్తరఫు’నకు పక్కకు తప్పించుట అని అర్థం. మాటలు మర్యాద గలవే. ఆ మర్యాద చట్టంలోనికి వచ్చుటకు మాత్రం చాలాకాలం పట్టింది.

ఆంగ్లేయుల పాలనలో 1859 నాటి చట్టం ఒకటుండేది. ముందుగా సొమ్ము పుచ్చుకొని పని మానిన కూలివాడు మేజిస్ట్రేటు ఆజ్ఞను పాటింపకున్నచో మూడు నెలలవరకు ఖైదు అనుభవింపవలసినదే. అకారణంగా పని మాన్పించిన యజమానికి అట్టి భయమేదీ లేదు! ఆ చట్టం 1925లో గాని రద్దు కాలేదు.

1947లో పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చింది. అయితే దానికి ప్రాణం పోసినది 1953లో చేర్చిన అధ్యాయమనవచ్చు. ఏడాదిలో 240 దినాలు పనిచేసిన కార్మికుని, సిబ్బంది ఎక్కువైనదను కారణంతో తొలగింపదలచినచో, ఒక నెల ముందుగా నోటీసు గాని, దానికి బదులు నెల జీతం గాని ఇవ్వాలి. పూర్తిచేసిన ప్రతి సంవత్సరానికి 15 దినాల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. పదేండ్లు పనిచేసినవానికి ఇది 150 దినాల వేతనం. సాధారణంగా చివర చేరినవాడు ముందు పోవాలి. పరిహారం తరువాత ఇచ్చెదమనుట చెల్లదని బొంబాయి ఆసుపత్రి కార్మికుల వ్యాజ్యంలో 1960లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

దుష్ప్రవర్తన ఆరోపించి తొలగించుట వేరు. అక్కడ ఆరోపణపత్రం, విచారణ అవసరం. సంఘం అండ లేని ఒంటరి ఉద్యోగియు వివాదం లేవదీయగల హక్కు 1965లోను, శిక్ష మితిమీరినచో తగ్గించు అధికారం ట్రిబ్యునలుకు 1971లోను లభించాయి.

ప్రభుత్వ అనుమతి లేనిదే తొలగింపరాదను నిబంధన 1976లో 300 మందిగల కర్మాగారాలకు వచ్చింది. 1982 సవరణతో ఆ సంఖ్య నూరయింది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి దానిని మరల 300కే చేర్చింది. చిన్న కర్మాగారపు కార్మికునికి ఇది నష్టమే. తొలగింపబడినవానికి, కొత్త పని నేర్చుకొనుటకై, మరి 15 దినాల వేతనం ముట్టచెప్పు నిధి మాత్రం కొత్తగా వచ్చిన మేలు.

ఈ రక్షణలన్నియు తొలగింపునకే. తానుగా రాజీనామా చేసినవానికి ఆ పరిహారం వర్తించదు. కనుకనే కొందరు యజమానులు నోటీసునకు బదులు, ముందే వ్రాసియుంచిన రాజీనామా పత్రం ముందుంచి సంతకం కోరుతారు.