ఊపిరితిత్తుల ద్రవ కణాల విశ్లేషణ

వాయుగోణుల గోడలు వాచి, గట్టిపడే వ్యాధులను ఇంటర్‌స్టిషియల్ ఊపిరితిత్తుల వ్యాధులు అంటారు. చాలావాటిలో ఆయాసం, పొడిదగ్గు ఒకేలా ఉంటాయి. చికిత్సలు మాత్రం వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి తోడ్పడే పరీక్షల్లో బ్రాంకోఆల్వియోలార్ లావేజ్ ఒకటి.

ఈ పరీక్షలో బ్రాంకోస్కోపు ద్వారా ఊపిరితిత్తిలోని ఒక భాగంలోకి 100 నుంచి 300 మి.లీ. సెలైన్ పంపి, తిరిగి బయటకు తీసి, అందులోని కణాలను లెక్కిస్తారు. పొగతాగని ఆరోగ్యవంతుల్లో 85 శాతానికి పైగా మాక్రోఫేజ్‌లే ఉంటాయి. ఇసినోఫిల్‌లు 1 శాతం మించవు. ఇసినోఫిల్‌లు 25 శాతం దాటితే ఇసినోఫిలిక్ వ్యాధిని అనుమానించాలి. లింఫోసైట్లు 50 శాతం దాటితే, బూజుపట్టిన గడ్డి లేదా పావురాల రెట్టల ధూళి వల్ల వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ కావచ్చు. త్వరగా గుర్తించి ఆ ధూళికి దూరంగా ఉంచితే రోగి కోలుకునే అవకాశం ఉంది.

గమనించండి: కణాల లెక్క ఒక్కటే వ్యాధిని నిర్ధారించదు. రోగి వృత్తి వివరాలు, సీటీ స్కాన్‌తో కలిపి పరిశీలించాలి.