సెలవుల ఇల్లు పొత్తుగా కొందామా?



వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే మన ఇళ్ళలో ఒక మాట తరచు వినబడుతుంది. ఏ పెళ్ళిలోనో, గృహప్రవేశంలోనో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కలుసుకుంటారు. భోజనాలయి, తాంబూలాలు వేసుకుంటూ కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు అంటారు: "అమ్మా నాన్నా వున్నన్నాళ్ళూ వూళ్ళో ఇంటికి చేరేవాళ్ళం. ఇప్పుడా ఇల్లూ లేదు. తలా కొంత వేసుకుని ఏ భీమిలిలోనో చిన్న ఇల్లు కొనుక్కుంటే ఏటా పిల్లలతో వెళ్ళి వుండొచ్చు కదా!" ఆ పూటకి అందరూ సరేనంటారు. మర్నాటికి బయానా మాట కూడా వచ్చేస్తుంది.

ఆలోచన మంచిదే. కాని బయానా ఇచ్చే ముందు నిదానంగా కూర్చుని చూసుకోవలసిన సంగతులు కొన్ని వున్నాయి. ఎందుకంటే ఇది చెడితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, తోబుట్టువుల మధ్య మాటలు కూడా పోతాయి.

ముందు లాభాలు చెప్పుకుందాం. ఒక్కరి వల్ల కాని ఇల్లు నలుగురు కలిస్తే అవుతుంది. తలా ఒక నగరంలో పెరుగుతున్న మన పిల్లలు మేనత్త పిల్లలతో, పెద్దమ్మ పిల్లలతో పదిరోజులు కలిసి వుంటారు. హోటలు గదిలో ముసలివాళ్ళకి పథ్యం కుదరదు, పసిపిల్లలకి పాలు కాచుకునే వీలుండదు. సొంత ఇంట్లో ఆ చిక్కు లేదు. ఒకరు కాకపోతే ఒకరు వెళ్ళి వస్తుంటే ఇల్లు పాడుపడకుండానూ వుంటుంది. ఇవి చిన్న లాభాలేం కావు.

ఇక లెక్క వేసి చూద్దాం. ఇల్లు 40 లక్షలనుకోండి. స్టాంపులు, రిజిస్ట్రేషను ఖర్చులు ఏడున్నర శాతం వేసుకుంటే మరో 3 లక్షలు. మొత్తం 43 లక్షలు. నాలుగు కుటుంబాలకి పంచితే తలా పది లక్షల డెబ్బై అయిదు వేలు. ఆ డబ్బే ఆరున్నర శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏడాదికి దాదాపు 70 వేలు వస్తుంది. అది పోయినట్టే గదా! కాపలా మనిషికి నెలకి 8 వేలు, కరెంటు, నీళ్ళు, ఇంటిపన్ను, చిల్లర రిపేర్లు కలిపి 4 వేలు అనుకుంటే ఏడాదికి 1,44,000. మన వాటా 36 వేలు. అంటే ఒక్కొక్క కుటుంబానికి ఏటా లక్షా ఆరువేలన్నమాట. ఏడాదిలో పదిరోజులే వెళ్ళివస్తే రోజుకి 10,600 పడింది. నెల్లాళ్ళు వుంటే మూడున్నర వేలు. స్థలం విలువ పెరుగుతుందంటారు, నిజమే. కాని స్థలం విలువ చేతికి వచ్చేది అమ్మినప్పుడే. నలుగురి ఇల్లు అమ్మాలంటే నలుగురూ ఒప్పుకోవాలి.

సముద్రం దగ్గర ఇల్లయితే ఇంకొక సంగతి. ఉప్పుగాలికి కిటికీ వూచలు, ఫ్యాన్లు, మోటారు త్వరగా తుప్పు పడతాయి. మూసి వుంచిన ఇంటికి చెమ్మ, చెదలు ఎలాగూ తప్పవు. "ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది" అని సామెత వుండనే వుంది. అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోతుంది. చివరికి ఆ వూరికి దగ్గరగా వున్నవారి నెత్తినే పడుతుంది. వాళ్ళు ఏడాదంతా తిరిగి రిపేరు చేయిస్తే, మిగిలినవాళ్ళు సెలవులకు వచ్చి "సున్నం సరిగా వేయించలేదేం?" అంటారు. గొడవలు మొదలయ్యేది ఇక్కడే.

ఇప్పుడు మన సంగతి. ఆ సెలవు ఎవరికండీ? హోటల్లో దిగితే కంచం ముందుకు వస్తుంది. సొంత ఇల్లు కదా అని పదహారుమంది చేరితే కాఫీలు, టిఫిన్లు, రెండుపూటలా వంట ఎవరు చేస్తారు? వూరు మారుతుందే కాని వంటిల్లు మారదు. అందుకని వంటమనిషి జీతం ఉమ్మడి ఖర్చులో ముందే వేసుకోండి. మగవాళ్ళూ వంతులవారీగా పనిలో చేరాలని మొదటి రోజే చెప్పండి. తరవాత చెబితే సణుగుడంటారు.

వంతుల మాట కూడా తేల్చుకోవాలి. సంక్రాంతికి, దసరాకి, మే నెలలో అందరికీ కావాలి. ఆగస్టులో ఎవరికీ అక్కర్లేదు. పండుగలకి చీటీలు వేసి, ఒక ఏడు వచ్చినవారికి మరుసటి ఏడు రాకుండా తిప్పుకోవచ్చు. అత్తవారి వైపు చుట్టాలు, స్నేహితులు వచ్చి వుండవచ్చా, వుంటే ఖర్చెవరిది అన్నది కాగితం మీద వుండాలి.

స్థలం ఎంచుకోవడంలో చట్టం మరిచిపోకండి. అరకు, లంబసింగి, మారేడుమిల్లి చల్లగా వున్నాయి కదా అని ఆశపడతాం. అవి షెడ్యూల్డు ప్రాంతాలు. 1970 నాటి భూబదిలీ నిబంధనల ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులు కొంటే చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడు కాకపోయినా సరే చెల్లదు. చవకగా ఇస్తామన్నారని నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు. సముద్రతీరంలో 1991 నుంచి కట్టడాలమీద నియంత్రణ వుంది. పోటునీటి గీత నుంచి 500 మీటర్ల లోపు స్థలమయితే అనుమతులు చూడనిదే కొనకూడదు. ఎక్కడయినా సరే, ఇ.సి. తీయించి, లింకు దస్తావేజులు వకీలు చేత చూపించుకోవాలి.

ఇక దస్తావేజులో పేర్లు. చాలా ఇళ్ళలో డబ్బు చాలకపోతే మన గాజులో, గొలుసో అమ్ముతారు. కాగితం మీద మాత్రం మగవాళ్ళ పేర్లే వుంటాయి. మీ బంగారం పడితే మీ పేరూ పడాలి. ఇందులో మొహమాటం వద్దు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలా మీ పేర వచ్చిన ఆస్తి మీద హక్కు పూర్తిగా మీదే. ఎవరు ఎంత వేశారో, ఎవరి వాటా ఎంతో దస్తావేజులోనే రాయించండి. ఎవరెంత ఇచ్చారో రుజువు లేకపోతే అందరివీ సమాన వాటాలేనని 1882 ఆస్తి బదిలీ చట్టం అనుకుంటుంది. ఎక్కువ వేసినవారికి అది నష్టం.

అన్నిటికన్నా ముఖ్యం, బయటపడే దారి. పిల్ల పెళ్ళికో, ఆసుపత్రికో ఒకరికి డబ్బు కావలసి వస్తుంది. ఎవరి వాటా వాళ్ళు అమ్ముకునే హక్కు చట్టంలో వుంది. అది పరాయివాడి చేతికి పోతే మిగిలిన ముగ్గురి గతేమిటి? పంపకం కుదరకపోతే కోర్టుకెక్కాలి. ఇల్లు ముక్కలు చేయడానికి వీలుకాకపోతే, సగానికి తగ్గని వాటాదారులు కోరినప్పుడు, 1893 పంపకాల చట్టం కింద కోర్టు అమ్మించి డబ్బు పంచవచ్చు. ఆ అవస్థ రాకుండా ముందే ఒప్పందం రాసుకోండి: అమ్మదలచినవారు ముందు తోబుట్టువులకే చెప్పాలి, ధర ఇలా కట్టాలి, డబ్బు ఇన్ని నెలల్లో ఇవ్వాలి అని.

మరొక మాట. వీలునామా లేకుండా మగవారు పోతే భార్యకీ, పిల్లలకీ, తల్లి వుంటే ఆమెకీ వాటాలు వస్తాయి. ఒక్కొక్క ఇంట భార్య, ఇద్దరు పిల్లలు అనుకున్నా నలుగురి ఇల్లు పన్నెండుమందిది అవుతుంది. అందులో ఒకరు అమెరికాలో వుంటే సంతకానికి ఎన్నాళ్ళు తిరగాలో! అందుకే ప్రతివారూ తమ వాటాకి వీలునామా రాసిపెట్టడం మేలు.

ఇన్ని చెప్పానని కొనవద్దంటున్నాననుకోకండి. తొందరపడవద్దంటున్నాను. ముందు రెండు వేసవులు అదే వూళ్ళో ఒక ఇల్లు పదిరోజులకి అద్దెకి తీసుకుని అందరూ కలిసి వుండి చూడండి. ఖర్చు లెక్క వెంటనే తేల్చినవారెవరు, గిన్నెలు కడిగినవారెవరు, అలిగి ముందుగా వెళ్ళిపోయినవారెవరు అన్నీ తెలిసిపోతాయి. రెండో ఏడు తిరిగి వచ్చేటప్పుడు కూడా "మళ్ళీ ఎప్పుడు?" అనుకుంటే నిక్షేపంగా కొనుక్కోండి. అలా అనుకోకపోతే అద్దెతో పోయింది, తోబుట్టువులు మిగిలారు. మనం కోరుకున్నది వాళ్ళ మధ్య పదిరోజులు వుండడమే కదా! అది అద్దె ఇంట్లోనూ దొరుకుతుంది.