లక్క ఇల్లు, ప్లాస్టిక్ పువ్వు

వారణావతంలో పాండవుల కోసం దుర్యోధనుడు కట్టించిన ఇల్లు చూడముచ్చటగా ఉంది. దానిని నిర్మించిన పురోచనుడు అతిథి మర్యాదలలో ఏ లోపమూ చేయలేదు. గోడలలో లక్క, నేయి కలిసి ఉన్న సంగతి మాత్రం పైకి కనిపించలేదు. విదురుడు ముందుగా హెచ్చరించి ఉండకపోతే భారతకథ ఆ ఇంటిలోనే ముగిసి ఉండేది. ఆయుధం ధరించి వచ్చే శత్రువు కంటె కానుక రూపంలో వచ్చే శత్రువు ప్రమాదకరమన్న ఈ సత్యాన్ని ఇరవయ్యవ శతాబ్దపు వైజ్ఞానిక కల్పన కూడా తనదైన రీతిలో చెప్పింది. అక్కడ లక్కకు బదులు ప్లాస్టిక్ వచ్చింది.

బ్రిటన్‌లో బి.బి.సి. 1963 నవంబరు 23న ప్రారంభించిన 'డాక్టర్ హూ' టెలివిజన్ ధారావాహిక నేటి ప్రవాస కుటుంబాల పిల్లలకు కూడా సుపరిచితమే. కాలంలోనూ, అంతరిక్షంలోనూ సంచరించే 'డాక్టర్' అందులో కథానాయకుడు. ఆ ధారావాహికలో రాబర్ట్ హోమ్స్ అనే రచయిత ఒకే రాక్షసులతో రెండు కథలు వ్రాశారు. మొదటిది 'స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్', 1970 జనవరిలో ప్రసారమైంది. రెండవది 'టెర్రర్ ఆఫ్ ది ఆటాన్స్', సరిగ్గా ఏడాది తరువాత 1971 జనవరిలో వచ్చింది. రెండింటిలోనూ డాక్టరు పాత్రధారి జాన్ పెర్ట్వీయే. రాక్షసులు ఆటాన్లు, అంటే ప్లాస్టిక్ మనుషులు. వారిని నడిపించేది నెస్టీన్ అనే పరలోక చైతన్యం. దానికి స్వంత రూపం ముఖ్యం కాదు. ప్లాస్టిక్ ఎక్కడ ఉంటే అక్కడ ప్రవేశించగలదు.

మొదటి కథలో ఇంగ్లండులోని ఒక అడవిలో ఉల్కలు రాలుతాయి. అవి రాళ్ళు కావు, ప్లాస్టిక్ గోళాలు. దొంగచాటుగా వేటాడే ఒక పల్లెటూరి వాడు వాటిలో ఒకదానిని ఇంటికి తెచ్చి పెట్టెలో దాస్తాడు. సమీపంలోని బొమ్మల కర్మాగారం అప్పటికే శత్రువు వశమైంది. అక్కడ సైన్యాధికారులకు, ప్రముఖులకు అచ్చు గ్రుద్దినట్లున్న నకళ్ళు తయారవుతుంటాయి. చివరకు ఒక ఉదయం దుకాణాల అద్దాల వెనుక చీరసింగారంతో నిలబెట్టే బొమ్మల వంటి బొమ్మలే కదలి, అద్దాలు పగులగొట్టుకొని వీధిలోనికి వచ్చి జనాన్ని కాల్చివేస్తాయి. తానే అసలైన వాసుదేవుడనని శంఖచక్రాలు ధరించి వచ్చిన పౌండ్రకుని కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఈ కథలోని భయం, మనిషి పోలికకు సంబంధించిన భయం.

రెండవ కథలో అదే రాక్షసుడు రూపం మార్చుకొన్నాడు. 'మాస్టర్' అనే దుష్టమేధావి నెస్టీన్లను భూమికి పిలిచి, ఒక ప్లాస్టిక్ కర్మాగారాన్ని వశపరచుకొంటాడు. అక్కడి అధికారిని ఒక నల్లని మెత్తని కుర్చీ తనలోనికి లాగుకొని ఊపిరాడకుండా చేసి చంపుతుంది. కర్మాగారపు వృద్ధ యజమాని ఇంటికి చేరిన వికారమైన బొమ్మ ఒకటి, వేడి తగలగానే లేచి ప్రాణం తీస్తుంది. టెలిఫోను తీగ డాక్టరు కంఠానికే చుట్టుకొంటుంది. వీటన్నింటికీ పరాకాష్ఠ ప్లాస్టిక్ పువ్వు. పసుపుపచ్చని డాఫొడిల్ పువ్వులను ప్రజలకు ఉచితంగా పంచుతారు. సంకేతం అందగానే పువ్వు ఒక పలుచని పొరను ముఖం మీదికి చిమ్మి ముక్కును, నోటిని మూసివేస్తుంది. ఈ కథ పిల్లలను మితిమీరి భయపెట్టిందన్న విమర్శ బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభలో కూడా వినిపించింది.

మొదటి కథలో రాక్షసుడు వీధిలో ఉన్నాడు. తలుపు వేసుకొంటే తప్పించుకోవచ్చునన్న ఆశ మిగులుతుంది. రెండవ కథలో అతడు ఇంటిలోనే ఉన్నాడు. అది కూడా ఇంటివారు సంతోషంగా చేయి చాచి తీసుకొన్న వస్తువులో. నిర్మాణపు బిగువు మొదటి కథదే అని ఒప్పుకొన్నప్పటికీ, లక్క ఇంటి తర్కం రెండవ కథలోనిది.

లక్కకు, ప్లాస్టిక్‌కు ఉన్న చుట్టరికం కేవలం కవిసమయం కాదు. చిన్న కీటకాలు స్రవించే లక్క ప్రకృతి ప్రసాదించిన ప్లాస్టిక్ అనవచ్చును. వేడి చేస్తే మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. విశాఖ ప్రాంతపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద త్రిప్పుతూ లక్క కడ్డీని తాకిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు రంగై అంటుకొంటుంది. పాత గ్రామఫోను రికార్డులు లక్కతోనే తయారయ్యేవి. తరువాత ఆ స్థానాన్ని వినైల్ అనే కృత్రిమ ప్లాస్టిక్ ఆక్రమించింది. చిన్న అణువులు గొలుసులోని లంకెల వలె వేల సంఖ్యలో కలిసి దీర్ఘాణువులు ఏర్పడతాయని 1920లో ప్రతిపాదించిన జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగరుకు 1953లో నోబెల్ బహుమతి లభించింది. మన సంచుల పాలిథీన్ 1933లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. ప్రయోగశాలలో అనుకోకుండా బయటపడింది.

ఇక కథలోని వింతలను రసాయన శాస్త్రం ఎంతవరకు అంగీకరిస్తుంది? వేడికి లేచిన బొమ్మను తీసుకొందాము. విద్యుత్ పనివారు తీగల అతుకులపై తొడిగే గొట్టం వేడి గాలి తగలగానే ముడుచుకొని బిగుసుకొంటుంది. దాని దీర్ఘాణువులను ముందుగా ఒకదానితో ఒకటి అల్లి, వేడిలో సాగదీసి, అదే స్థితిలో చల్లారుస్తారు. మళ్ళీ వేడి తగిలితే అవి తమ తొలి రూపానికి తిరిగివస్తాయి. ప్లాస్టిక్‌కు జ్ఞాపకం ఉన్నదనవచ్చును, సంకల్పం మాత్రం లేదు.

రేడియో తరంగాలతో ప్లాస్టిక్‌ను లోబరచుకోవడం మరొక వింత. పాలిథీన్ ఈ తరంగాలను దాదాపు పట్టించుకోదు. అందుకే రెండవ ప్రపంచయుద్ధంలో రాడార్ తీగల తొడుగుగా అది అమూల్యమైంది. పి.వి.సి. తీరు వేరు. అందులోని క్లోరిన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను తమ వైపు లాగుకొనడం వలన, తరంగం మారినప్పుడల్లా అణుభాగాలు కదలి లోలోపలే వేడి పుడుతుంది. గాలి నింపే బొమ్మల అంచులను, ఆసుపత్రులలో రక్తం నింపే సంచుల అంచులను ఈ పద్ధతిలోనే అతుకుతారు. కథకుడు ఎరిగి వ్రాసినా, ఎరుగక వ్రాసినా, కొన్ని ప్లాస్టిక్కులు రేడియో పిలుపుకు పలుకుతాయన్నది వాస్తవమే.

పువ్వు చిమ్మిన పొర, చనిపోతున్న మనిషి ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువుకు కరిగిపోయి ఆనవాలు లేకుండా పోతుందని కథ చెబుతుంది. చేదు తెలియకుండ మాత్రలపై పూసే కొన్ని పొరలు నోటిలో కరగక, కడుపులోని ఆమ్లంలో కరుగుతాయి. కనుక పరిసరాలను బట్టి కరిగే పొర అసాధ్యమేమీ కాదు. చిత్రమేమంటే, నిజ జీవితంలోని సమస్య దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది. మన సంచి కరగదు. ఒమన్ ఎండలో మేడ మీద వదలిన బకెట్టు కొన్నాళ్ళకు పెళుసై పొడి రాలడం గృహిణులకు తెలిసినదే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి గొలుసులను త్రెంచుతాయి. ముక్కలు చిన్నవవుతాయి, కాని మాయం కావు.

ఈ ఆనవాలు మూగజీవాలలో దొరుకుతున్నది. పొరుగున ఉన్న ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో 2008 నుండి పరీక్షించిన సుమారు 30,000 ఒంటెల కళేబరాలలో 300 ఒంటెల కడుపులు ప్లాస్టిక్‌తో నిండి ఉన్నాయని 2020లో వెలువడిన అధ్యయనం తెలిపింది. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ, ఆవుల కడుపులలో పేరుకొన్న సంచుల విషయమై 2012లో భారత సుప్రీంకోర్టును ఆశ్రయించింది. రాస్ అల్ జింజ్ తీరానికి గ్రుడ్లు పెట్టడానికి వచ్చే పచ్చ తాబేళ్ళకు నీటిలో తేలే సంచి జెల్లీచేప వలె కనిపించే ప్రమాదం ఉన్నది. ఇక్కడ ఆటాన్లు లేరు, మాస్టర్ లేడు. కూరగాయలతో పాటు ఉచితంగా వచ్చిన సంచి ఉన్నది, దానిని తీసుకొన్న చేయి ఉన్నది.

కథ ముగింపులో డాక్టరు మాస్టరుకు ఒక్క మాటే నచ్చజెబుతాడు. పిలిచి తెచ్చిన నెస్టీన్లు పిలిచినవానిని కూడా విడిచిపెట్టవని. అప్పుడు ఇద్దరూ కలిసి వాటిని వెనుకకు పంపుతారు. ఒమన్ ప్రభుత్వం 2021 జనవరి 1 నుండి ఒకసారి వాడి పారవేసే షాపింగ్ సంచులను నిషేధించి, 2024 జూలై నుండి ఆ నిషేధాన్ని మందుల దుకాణాలు, ఆసుపత్రులతో ఆరంభించి దశలవారీగా విస్తరించసాగింది. భారతదేశం కూడా 2022 జూలై 1 నుండి అటువంటి కొన్ని వస్తువులను నిషేధించింది. పిలిచినవారే వెనుకకు పంపవలసిన పని ఇది.

అయితే ప్లాస్టిక్‌ను ఆసాంతం రాక్షసిగా చూడడం శాస్త్రీయం కాదు. మస్కట్‌లోని ఘుబ్రాలో, ఆవల బర్కాలో సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కర్మాగారాలలో ఉప్పును ఆపి నీటిని వదిలేది పాలిమరుతో చేసిన పలుచని పొరయే. కథలోని పొర ఊపిరి ఆపింది. ఈ పొర దాహం తీరుస్తున్నది. రెండూ దీర్ఘాణువుల అల్లికలే. రక్తపు సంచి, సెలైన్ సీసా కూడా అదే కుటుంబానికి చెందినవి.

లక్క విషయంలోనూ ఇదే నిజం. వారణావతంలో ఇంటికి నిప్పంటించే సాధనమైనది, ఏటికొప్పాకలో పసిపిల్లల చేతిలో బొమ్మ అయింది. పదార్థానికి పగ లేదు, ప్రేమ లేదు. టెలివిజన్‌లో డాఫొడిల్ పువ్వును చూచి భయపడిన పిల్లవాడు 'ప్లాస్టిక్‌కు నిజంగా ప్రాణం వస్తుందా?' అని అడిగితే, రాదని నిర్భయంగా చెప్పవచ్చును. ప్రాణం లేనిదానికి బాధ్యత కూడా ఉండదని, ఆ బాధ్యత దానిని వాడే చేతిదేనని కూడా అదే పూటన చెప్పడం పెద్దల కర్తవ్యం.