మీకు తెలుసా? మచ్చల్లో మాయమచ్చ!

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవి ఊళ్లలో ఒంటి మీద మచ్చ కనబడితే తామరనో, శోభి అనో, సోరియాసిస్ అనో అంటారు. చాలాసార్లు అదే నిజం కూడా. కానీ అచ్చం వాటి వేషంలోనే తిరిగే అరుదైన క్యాన్సర్ ఒకటుంది: చర్మపు లింఫోమా!

● మన చర్మంలో కాపలా కాసే టి-కణాలెన్నో చెప్పుకోండి చూద్దాం! సుమారు 2,000 కోట్లు. ఒంట్లోని రక్తమంతా వెతికినా అందులో సగమే దొరుకుతాయి. వాటిలో ఒక్కటి దారితప్పి తన సంతానాన్నే పెంచుకుంటూ పోతే వచ్చేదే ఈ జబ్బు.

● అమెరికాలో సోరియాసిస్ నూటికి ముగ్గురికి ఉంటుంది. ఈ లింఫోమా ఏడాదికి పది లక్షల మందిలో పదిమందికి కూడా రాదు!

● సోరియాసిస్‌కి మోచేతులు, మోకాళ్లు, తల ఇష్టం. మరి లింఫోమాకి? ఎండ తగలని పిరుదులు, తొడలు, నడుము! మే నెల ఎండలో తునికాకు కోసే చేతులు నల్లగా మాడినా, బట్టచాటు మచ్చ మాత్రం పదిలంగా ఉంటుంది. ఎండలోని అతినీల కిరణాలంటే ఈ కణాలకు పడదు. అందుకే ఆసుపత్రిలో కొలత ప్రకారం ఆ కిరణాలనే చికిత్సగా ఇస్తారు.

● అడవిలో నల్లజీడి రసం తగిలితే ఒకటి రెండు రోజుల్లో బొబ్బలొస్తాయి, కొన్ని వారాల్లో మానిపోతాయి. లింఫోమా మచ్చ ఏళ్ల తరబడి కదలదు!

● నల్లని ఒంటి మీద ఈ మచ్చ తెల్లబారి కనిపించి, కుష్టేమోనన్న భయం పుట్టిస్తుంది. కళ్లు మూయించి దూదిపోగుతో మచ్చను తాకి, ఎక్కడ తగిలిందో వేలితో చూపమంటారు. చూపలేకపోతే కుష్టు అనుమానం బలపడుతుంది. లింఫోమా మచ్చకు మామూలుగా స్పర్శ పోదు.

● మొదటి మచ్చ కనిపించాక జబ్బు పేరు తేలడానికి మూడు నాలుగేళ్లు పట్టడం మామూలే! మందులషాపు స్టిరాయిడ్ ట్యూబు రాస్తే మచ్చ కొన్నాళ్లు వెలిసి, నేనున్నానంటూ మళ్లీ వస్తుంది.

● జబ్బు గుట్టు రట్టు చేసే పరీక్షకు తీసే చర్మపు ముక్క ఎంతుంటుందంటారా? ఖమ్మం మిరపగింజంత, నాలుగు మిల్లీమీటర్లు! తొలిదశలో ఆ ముక్క కూడా మామూలు ఎగ్జిమాలాగే కనబడవచ్చు. అందుకే అనుమానం తీరకపోతే డాక్టర్లు రెండోసారి, మూడోసారి కూడా తీస్తారు. పరీక్షకు ముందు కొన్ని వారాలు స్టిరాయిడ్ పూత ఆపమంటారు.

● భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ సోరియాసిస్‌కీ మందే, ఈ లింఫోమాకీ మందే! కాబట్టి మందుకు మచ్చ తగ్గినంత మాత్రాన అది ఏ జబ్బో తేలినట్టు కాదు.

● వేళ్లతో సహా మీ అరచేయి మీ చర్మంలో నూటికి ఒక వంతు. మచ్చలన్నీ కలిపి పది అరచేతులకు లోపే ఉండి, జబ్బు ఇంకెక్కడికీ పాకకపోతే అది అన్నిటికన్నా తొలి దశ. ఆ దశలో పట్టుబడినవాళ్లలో చాలామంది, ఈ జబ్బు లేని తోటి వయసువాళ్లు బతికినన్నాళ్లూ బతుకుతున్నారు!