తెర చెప్పిందల్లా వేదమా?

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గురించి ఒక పేజీ రాసుకురమ్మని సారు చెప్పారనుకోండి. పిల్లలు గ్రంథాలయానికి పోరు. అమ్మ ఫోన్ తీసుకుని వెతుకుతారు. ‘వేలమందికి ఉపాధి కల్పిస్తోంది’ అని ఎక్కడో కనిపిస్తే చాలు, నోటుబుక్కులోకి ఎక్కించేస్తారు. కానీ 1937లో నిజాం కాలంలో పుట్టిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. 2010లో రాసిన పేజీలో ఆ సంగతి ఎలా ఉంటుంది? అది అబద్ధం చెప్పలేదు... పాతబడిందంతే. శక్కర్‌నగర్‌లో ఏ తాతనడిగినా అసలు సంగతి చెబుతాడు.

వెబ్‌సైటును నమ్మొచ్చా లేదా అని తేల్చే చదువులో తొలి పాఠం ఇదే. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు?

పక్కింట్లో వాకబు

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 10 మంది చరిత్రకారులకు, 10 మంది నిజనిర్ధారకులకు, 25 మంది విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. చక్కటి లోగో, గంభీరమైన పేరు చూసి ఆచార్యులూ విద్యార్థులూ చాలామంది బోల్తాపడ్డారు. నిజనిర్ధారకులు మాత్రం ఆ పేజీలో ఎక్కువసేపు ఉండలేదు. బయటికొచ్చి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. తక్కువ సమయంలోనే గుట్టు పట్టేశారు. పెళ్లి సంబంధం వస్తే వాళ్లింట్లోనే కూర్చుని గుణగణాలు అడుగుతామా? ఇరుగుపొరుగును వాకబు చేస్తాం కదా... అదే సూత్రం!

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు వచ్చాయంటూ వాట్సప్‌లో పుకార్లు పాకి, తెలంగాణ పల్లెల్లో అమాయకులపై దాడులు జరిగాయి. అదే ఏడాది కేరళలోని కణ్ణూరు జిల్లాలో అప్పటి కలెక్టర్ మీర్ మహమ్మద్ అలీ చొరవతో ‘సత్యమేవ జయతే’ పేరిట సుమారు 150 ప్రభుత్వ పాఠశాలల్లో నకిలీ వార్తలను గుర్తించే పాఠాలు చెప్పారు.

మార్కుల కోసమే కాదు

నిజామాబాద్ జిల్లాలో ఈ విద్య అవసరం ఇంకా ఎక్కువ. ఇక్కడ ఎన్నో ఇళ్ల నుంచి ఎవరో ఒకరు గల్ఫ్ బాట పట్టినవారే. ‘దుబాయ్‌లో కొలువు, వెంటనే డబ్బు కట్టండి’ అని ఓ సైటు ఊరిస్తే, తండ్రికి దాన్ని చదివిపెట్టేది హైస్కూలు కూతురే కావచ్చు. అప్పుడామె చూడాల్సినవి...

* ఏజెంటుకు లైసెన్సు ఉందా? విదేశాంగ శాఖ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో నమోదైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. సైటులో ఇచ్చిన లింకు నొక్కకుండా, తానే విడిగా తెరిచి చూడాలి.

* ఎంత అడుగుతున్నారు? నిబంధనల ప్రకారం ఏజెంటు సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ దాటకూడదు.

* ప్రభుత్వ సైటునని చెప్పుకుంటోందా? సాధారణంగా అలాంటి చిరునామా ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తుంది. మధ్యలో ఎక్కడో ‘గవ్’ ఉంటే సరిపోదు.

* డబ్బు పోయిందా? ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఏజెంటు పేరు జాబితాలో కనిపించనప్పుడు ‘బాపూ, జర ఆగు’ అని ఆ పిల్ల ఒక్క మాట అనగలిగితే చాలు. పొలం తాకట్టు పడకుండా ఆగుతుంది. ఏ పరీక్షలో ఎన్ని మార్కులొస్తే దానికి సాటి?